వీడియోను ఏ రూపంలో పంపాలి?

(హౌరాలో జరిగిన శాఖా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలను గురించో, బదిలీలను గురించో మాట్లాడవలసిన వేదికపై వీడియో ఫైళ్ళ ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకు కారణం ముందుగా మనవి చేస్తాను.

2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకం అమలులోకి వచ్చింది. 2004 జనవరి 1 తరువాత ఉద్యోగంలో చేరి జాతీయ పింఛను పథకం క్రింద ఉన్న కేంద్ర ప్రభుత్వోద్యోగులు రెండింటిలో ఒకదానిని ఎంచుకోవలసి వచ్చింది. మొదట జూన్ 30 వరకే గడువు ఇచ్చి, తరువాత పొడిగించారు. ఆ రోజులలో ఒక శాఖవారు ఎంతో శ్రమపడి, విషయం తెలిసిన వ్యక్తిని పిలిపించి, నలభై నిమిషాల పాఠాన్ని చక్కగా చిత్రీకరించారు. ఖరీదైన ఫోనుతో తీశారు. బొమ్మ అద్దంలా వచ్చింది. దానిని సభ్యులందరికీ పంపారు. ఫలితమేమిటి? కొందరి ఫోనులలో మాట వినిపించింది గాని తెర నల్లగానే ఉండిపోయింది. బల్ల మీద వేసి చూపిన లెక్కలు వారికి కనబడలేదు. కొందరికి ఫైలు తెరుచుకోనే లేదు. ఇంకా కొందరు ట్రాక్ మెయింటెయినర్లు, గ్రామీణ డాక్ సేవకులు దానిని దించుకోబోయి, ఆ రోజు ఇంటర్నెట్ కోటా అంతా అయిపోయి, సగంలో ఆగిపోయారు. పింఛను విషయంలో జీవితకాలపు నిర్ణయం తీసుకోవలసిన మనిషికి తోటివాడు ఏదో చెప్పగా విన్న మాటే ఆధారమైంది. పాఠంలో లోపం లేదు, చెప్పినవారిలో లోపం లేదు. పంపిన రూపం పొరపాటు. కనుకనే ఈ గంట సమయం అడిగి తీసుకున్నాను.

మొట్టమొదట ఒక అపోహ తొలగించుకుందాం. ఫైలు పేరు చివర ఉండే ఎం.పి.4, ఎం.ఒ.వి., ఎ.వి.ఐ., ఎం.కె.వి. అనే అక్షరాలను చూసి, వీడియో ఏ రూపంలో ఉన్నదో తెలిసిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి ఆ అక్షరాలు సంచి పేరు మాత్రమే చెబుతాయి. ఆర్.ఎం.ఎస్. సోదరులకు ఇది విడమరచి చెప్పనవసరం లేదు. సంచి ఒకటి, అందులోని ఉత్తరాలు ఏ భాషలో వ్రాసి ఉన్నవన్నది మరొకటి. సంచి విప్పగలిగినంత మాత్రాన లోపలి ఉత్తరం చదవగలమన్న హామీ లేదు. ఇక్కడ సంచిని కంటెయినర్ అంటారు. లోపలి బొమ్మను, శబ్దాన్ని ఏ పద్ధతిలో కుదించి వ్రాశారో ఆ పద్ధతిని కోడెక్ అంటారు. ఒకే ఎం.పి.4 సంచిలో హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన బొమ్మ ఉండవచ్చు, హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన బొమ్మ కూడా ఉండవచ్చు. పై నుండి చూస్తే రెండూ ఒకటే. మొదటిది దాదాపు ప్రతి ఫోనులోనూ ఆడుతుంది. రెండవది పాత ఫోనులలో ఆడదు. ఇందాక చెప్పిన నల్లని తెర రహస్యం ఇదే. శబ్దాన్ని కుదించిన పద్ధతి ఫోనుకు తెలిసినది, బొమ్మను కుదించిన పద్ధతి తెలియనిది. మాట వచ్చింది, బొమ్మ రాలేదు.

2017 నుండి ఐఫోనులు సామాన్యంగా హెచ్.265 పద్ధతిలోనే చిత్రీకరిస్తున్నాయి. ఆ ఫోను సెట్టింగులలో కెమెరా విభాగానికి వెళ్ళి, ఫార్మాట్స్ అన్నచోట ‘మోస్ట్ కంపాటిబుల్’ అన్న దానిని ఎంచుకుంటే అది మళ్ళీ హెచ్.264లో తీస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులలోనూ అనేకం ఇటువంటి ఎంపికనే కెమెరా సెట్టింగులలో ఉంచుతాయి. చిత్రీకరణ మొదలుపెట్టే ముందు ఈ ఒక్క పని చేసినా సగం బాధ తీరుతుంది.

అసలు కుదించడమెందుకు అని ఒక యువ ప్రతినిధి నిన్న అడిగారు. మంచి ప్రశ్న. వీడియో అంటే సెకనుకు పాతిక బొమ్మలు. 1280 చుక్కల వెడల్పు, 720 చుక్కల ఎత్తు గల బొమ్మలో తొమ్మిది లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. ఏ కుదింపూ లేకుండా అన్నిటినీ వ్రాసిపెడితే సెకనుకు సుమారు 34.5 మెగాబైట్లు కావాలి. నలభై నిమిషాల పాఠానికి సుమారు 83 గిగాబైట్లు. అది ఎవరికీ పంపలేము. కనుక కోడెక్ ఒక ఉపాయం చేస్తుంది. మైకు ముందు నిలబడి మాట్లాడే వక్త వెనుక గోడ కదలదు. ఆ గోడను ప్రతిసారీ తిరిగి వ్రాయకుండా, ఒక బొమ్మను పూర్తిగా వ్రాసి, తరువాతి బొమ్మలలో మారినదానిని మాత్రమే వ్రాస్తుంది. కనుకనే ఒకే నిడివి గల రెండు వీడియోలలో, కూర్చుని చెప్పిన పాఠం తక్కువ చోటులో ఇముడుతుంది. వేలమంది జెండాలతో హౌరా వంతెన మీదుగా సాగే ఊరేగింపుకు ఎంతో ఎక్కువ చోటు కావాలి. ఆ ఊరేగింపులో వాన కూడా కురిస్తే ఇక చెప్పనక్కరలేదు. ప్రతి చినుకూ ఒక మార్పే.

ఇందులో నుండి ఒక ఆచరణాత్మకమైన విషయం బయటపడుతుంది. చేతిలో ఊగే ఫోనుతో తీసిన బొమ్మలో గోడ కూడా కదులుతుంది. కోడెక్ శ్రమ రెట్టింపవుతుంది. చీకటి హాలులో తీసిన బొమ్మలో ఇసుక చల్లినట్లు చుక్కలు కదలాడుతుంటాయి. కోడెక్ వాటిని కూడా విషయమే అనుకుని వ్రాస్తుంది. ఫోనును ఒక స్టాండుకు బిగించి, వక్త ముఖం మీద వెలుతురు పడేటట్లు ఒక దీపం పెట్టండి. ఏ కంప్యూటరు విద్యా లేకుండానే వీడియో తేలికవుతుంది.

ఇప్పుడు సంచుల సంగతికి వద్దాం. మనం కూర్చున్న ఈ ఊరిలోనే దీనికి తగిన ఉదాహరణ ఉన్నది. హౌరా నుండి ఆమ్తాకు మార్టిన్ కంపెనీ వారి చిన్న రైలు ఒకటి నడిచేది. 1897లో ప్రారంభమై 1971లో మూతపడింది. దాని పట్టాల నడుమ ఎడం రెండే రెండు అడుగులు, అంటే 610 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. ఆ చిన్న రైలు చెడ్డదని ఎవరూ అనలేరు. తరతరాలుగా పల్లెల ప్రజలను హౌరాకు చేర్చింది. అయితే దాని బండి మన పట్టాల మీద ఎక్కదు. ఆమ్తా నుండి వచ్చిన ప్రయాణికుడు మూట నెత్తిన పెట్టుకుని ఇక్కడ దిగి, మరొక బండి ఎక్కవలసిందే. దేశంలో గేజిలన్నీ ఒకటి చేయాలన్న కార్యక్రమం 1992లో చేపట్టారంటే, ఈ దించి ఎక్కించే శ్రమ ఎంతటిదో మన రైల్వే సోదరులకు తెలుసు.

వీడియో లోకంలోనూ ఇదే జరిగింది. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క గేజి వేసింది. ఆపిల్ కంపెనీ 1991లో క్విక్‌టైమ్‌ను, అంటే ఎం.ఒ.వి. సంచిని తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 1992లో ఎ.వి.ఐ. తెచ్చింది. ఆ తరువాత అంతర్జాలంలో చాలాకాలం ఫ్లాష్ రాజ్యమేలింది; 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ముగిసింది, ఆ రూపంలోనే భద్రపరచుకున్నవారు నేటికీ చిక్కులు పడుతున్నారు. ఎం.పి.4 మాత్రం ఒక కంపెనీ సొంత సరుకుగా గాక, అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. క్విక్‌టైమ్ నిర్మాణాన్నే ఆధారంగా తీసుకుని రూపొందించారు. హెచ్.264 కూడా 2003లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సమితి, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలు కలసి వెలువరించిన ప్రమాణమే. ఇరవై ఏళ్ళు దాటినా దానికి దీటుగా ప్రతి చోటా ఆడే పద్ధతి మరొకటి రాలేదు. చవక ఫోనులో సైతం దానిని విప్పడానికి ప్రత్యేకమైన సర్క్యూటు ఉంటుంది. కనుక బ్యాటరీ త్వరగా అయిపోదు, ఫోను వేడెక్కదు. డ్యూటీ మధ్య విశ్రాంతి గదిలో కూర్చుని చూసే గార్డుకు, పాయింట్స్‌మన్‌కు ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇక్కడ మనం మౌనంగా దాటిపోకూడని విషయం ఒకటున్నది. హెచ్.264 ప్రమాణమే గాని ఉచితం కాదు. దానిపై అనేక కంపెనీలకు పేటెంట్లున్నాయి. పరికరాలు తయారుచేసేవారు రాయల్టీ చెల్లించాలి. ప్రేక్షకులకు ఉచితంగా చూపించే అంతర్జాల వీడియోల మీద మాత్రం రాయల్టీ వసూలు చేయబోమని ఆ పేటెంట్ల నిర్వాహక సంస్థ 2010లో ప్రకటించింది. కనుక మన వీడియోలకు చెల్లించవలసినదేమీ లేదు. దాని తరువాత వచ్చిన హెచ్.265 పద్ధతి 2013 నాటిది. అదే నాణ్యతను సుమారు సగం చోటులో ఇముడ్చుతుంది. సాంకేతికంగా మెరుగైనదే. కాని దాని పేటెంట్లదారులు ఒక గుంపుగా గాక వేర్వేరు గుంపులుగా నిలిచి ఎవరి రాయల్టీ వారడగడంతో దాని వ్యాప్తి కుంటుపడింది. అందుకు విసిగి కొన్ని పెద్ద కంపెనీలు 2015లో ఒక కూటమిగా ఏర్పడి, 2018లో ఎ.వి.1 అనే రాయల్టీ లేని పద్ధతిని విడుదల చేశాయి. గూగుల్ వారు 2010లో ప్రారంభించిన వెబ్‌ఎం సంచి, 2013లో వచ్చిన వి.పి.9 పద్ధతి కూడా ఇదే కోవలోనివి.

సిద్ధాంతరీత్యా నా మొగ్గు రాయల్టీ లేని పద్ధతులవైపే. ఇది అందరి ఉమ్మడి సొత్తుగా ఉండదగిన విద్య. కాని ఎ.వి.1ను సొంత సర్క్యూటుతో విప్పగలిగినవి ఇటీవలి ఫోనులే. మన సభ్యుని చేతిలోని ఫోను ఆరేళ్ళనాటిది. అతని చేతిలో ఏమున్నదో చూసి నిర్ణయించాలి గాని, మనకేది ఇష్టమో చూసి కాదు. కనుక నేడు పంపిణీకి ఎం.పి.4 సంచి, అందులో హెచ్.264 బొమ్మ, ఎ.ఎ.సి. శబ్దం. ఇంతే. కొన్నేళ్ళ తరువాత ఈ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించవలసి వస్తుంది, అప్పుడు చూద్దాం.

రూపం నిర్ణయమైన తరువాత పరిమాణం. ఇందులోనే మన కార్యకర్తలు ఎక్కువగా తడబడుతున్నారు. సెకనుకు ఎన్ని బిట్లు వాడుతున్నామో దానిని బిట్‌రేటు అంటారు. దానిని సెకనుల సంఖ్యతో గుణించి ఎనిమిదితో భాగిస్తే ఫైలు ఎంతో తేలుతుంది. పైన చెప్పిన నలభై నిమిషాల పాఠమే తీసుకోండి. నలభై నిమిషాలంటే 2,400 సెకనులు. ఫోను 1080పిలో సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున తీసినదనుకుంటే, 5,100 మెగాబైట్లు. దానినే 720పికి తగ్గించి, బొమ్మకు ఒకటిన్నర మెగాబిట్లు, శబ్దానికి 128 కిలోబిట్లు ఇస్తే సుమారు 488 మెగాబైట్లు. 480పికి తగ్గించి, బొమ్మకు 600 కిలోబిట్లు, శబ్దానికి 64 కిలోబిట్లు ఇస్తే సుమారు 200 మెగాబైట్లు. నిలబడి మాట్లాడే వక్తకు ఇది ధారాళంగా సరిపోతుంది. వక్త ముఖంలో ఎన్ని ముడతలున్నవో సభ్యులకు తెలియవలసిన అవసరం లేదు. నాకైతే తెలియకపోవడమే మేలు. బల్ల మీద వ్రాసిన అంకెలు చదవవలసి ఉంటే మాత్రం 720పి ఉంచండి, లేదా ఆ అంకెలను వేరుగా ఒక ఫోటోగా పంపండి.

బొమ్మ తీసివేసి మాట ఒక్కటే 32 కిలోబిట్ల చొప్పున పంపితే పదింటికి లోపు, అంటే 9.6 మెగాబైట్లు. మాట కోసమే ఉద్దేశించిన ప్రసంగం ఏదైనా సరే, వీడియోతోపాటు శబ్దపు ఫైలు కూడా తప్పనిసరిగా పంపాలని నా గట్టి అభిప్రాయం. సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే చిన్న స్టేషనులో, శాఖా తపాలా కార్యాలయంలో పనిచేసేవారికి ఈ పది మెగాబైట్లే చేరుతాయి.

ఇక ఆ పట్టిక సంగతి. సంచితోపాటు మెయిల్ లిస్టు వస్తుంది కదా. అది చేతికి రాకముందు సంచి పని మొదలుపెట్టలేము. ఎం.పి.4లోనూ ఏ బొమ్మ ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. చిత్రీకరణ పూర్తయితే గాని పట్టిక పూర్తి కాదు కనుక కెమెరాలు సాధారణంగా దానిని ఫైలు చివర పెడతాయి. వెబ్‌సైటులో అటువంటి ఫైలు ఉంచితే, చూసేవారికి మొదలుకావడానికి చాలాసేపు పట్టవచ్చు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ అన్న గడిలో టిక్కు పెడితే పట్టిక ముందుకు వస్తుంది, వీడియో వెంటనే మొదలవుతుంది. మరొక మాట. చిత్రీకరణ మధ్యలో బ్యాటరీ చచ్చిపోతే పట్టిక వ్రాయబడకుండానే పోవచ్చు. అప్పుడు గంటసేపు తీసినది కూడా తెరుచుకోదు. పెద్ద సభలను ఒకే ముక్కగా కాక, వక్త మారినప్పుడల్లా ఆపి మళ్ళీ మొదలుపెట్టడం మంచిది.

వాట్సాప్ విషయంలో జాగ్రత్త. అందులో వీడియోగా పంపితే అది తనకు తోచినట్లు మళ్ళీ కుదిస్తుంది. దానిని మరొక చోటికి ఎక్కించి, దించి, కత్తిరించి తిరిగి పంపితే ఇంకొకసారి కుదింపు. కార్బను కాపీకి కార్బను కాపీ తీసినట్లు, నాలుగు చేతులు మారేసరికి అంకెలు చదవరావు. 480పికి మనమే తగ్గించిన ఫైలును ‘డాక్యుమెంట్’గా జతపరిస్తే అది మారకుండా వెళ్తుంది, 2022 నుండి 2 గిగాబైట్ల దాకా అలా పంపవచ్చు. యూట్యూబు సంగతి వేరు. అక్కడ మనమేది ఎక్కించినా వారు తిరిగి కుదించి, 144పి మొదలు అనేక పరిమాణాలలో సిద్ధం చేస్తారు. చూసేవారి సిగ్నలును బట్టి తగినది వెళ్తుంది. కనుక యూట్యూబుకు మన దగ్గరున్న శ్రేష్ఠమైన ప్రతినే ఇవ్వాలి, తగ్గించినది కాదు. బహిరంగం కాకూడని శిక్షణ పాఠమైతే ‘అన్‌లిస్టెడ్’గా పెట్టవచ్చు. కాని ఆ లింకు చేతికి వచ్చినవారెవరైనా చూడగలరు. అంతర్గత చర్చలను అక్కడ పెట్టకండి.

మూల ప్రతిని గురించి కొంచెం విడిగా చెప్పాలి. విరిగిన నిచ్చెన, కారుతున్న సార్టింగు హాలు పైకప్పు, రక్షణ లేని పనిస్థలం – వీటిని మన సభ్యులు ఫోనుతో తీసి పంపుతున్నారు. మంచిదే. (పట్టాల మధ్య నిలబడి తీయవద్దని మాత్రం వేడుకుంటున్నాను; ఏ వీడియో కోసమూ ప్రాణం పణం పెట్టనక్కరలేదు.) అటువంటిది రేపు విచారణలోనో, కోర్టులోనో సాక్ష్యం కావలసి రావచ్చు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు ‘హ్యాష్’ విలువ పేర్కొనాలి. హ్యాష్ అంటే ఫైలులోని బిట్లన్నిటి నుండి లెక్కకట్టిన ఒక ముద్ర. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర మారిపోతుంది. వాట్సాప్‌లో కుదించిన ప్రతికీ, ఫోనులోని అసలు ప్రతికీ ముద్రలు కలవవు. కనుక అటువంటి సందర్భంలో రూపం మార్చవద్దు, పేరు కత్తిరించవద్దు, ఫోనులో వచ్చినది వచ్చినట్లే కేబులుతో కంప్యూటరులోకి దించి, ముద్ర లెక్కించి వ్రాసిపెట్టుకోండి. పంచడానికి వేరే ప్రతి చేసుకోండి.

మన పాత శాఖల బీరువాలలో 1990ల నాటి వి.హెచ్.ఎస్. క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. ఆ నాటి సభలు, ఆ నాటి నాయకుల గొంతులు వాటిలో ఉన్నాయి. అయస్కాంతపు పూత రాలిపోతున్నది. ఆడించే యంత్రాలు దొరకడం కష్టమవుతున్నది. ఇవి ఇంకా వాయిదా వేయదగిన పనులు కావు. డిజిటలుగా మార్చేటప్పుడు మొదట డి.వి. పద్ధతిలో, సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున తీసి ఉంచండి. గంటకు సుమారు 13 గిగాబైట్లు అవుతుంది. అది భద్రపరచే ప్రతి. పంచే ప్రతిని దాని నుండి ఎం.పి.4గా చేసుకోవచ్చు. పాత టి.వి. బొమ్మ ఒక వరుస విడిచి ఒక వరుస గీసిన బొమ్మ. కంప్యూటరులో చూస్తే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. రూపం మార్చేటప్పుడు ‘డీఇంటర్‌లేస్’ అన్నది ఎంచుకుంటే ఆ పళ్ళు పోతాయి.

భాష గురించి ఒక సూచన. మన సభలలో బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ వినిపిస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఖరగ్‌పూర్‌లోనూ, గార్డెన్ రీచ్‌లోనూ తెలుగు కుటుంబాలున్నాయి. వాల్తేరు డివిజను 2003 వరకు ఆగ్నేయ రైల్వేలోనే ఉన్నది. ఎం.పి.4 సంచిలో మూడు భాషల శబ్దాలను ఒకేసారి పెట్టవచ్చు. కాని చాలా ఫోనులు మొదటిదానినే వినిపిస్తాయి, రెండవది ఉన్నదన్న సంగతే సభ్యునికి తెలియదు. కనుక భాషకొక ఫైలు చేయండి. తెర క్రింద తెలుగు అక్షరాలు వేయదలచినప్పుడు వాటిని బొమ్మలోనే కలిపివేయండి. వేరుగా జతచేస్తే కొన్ని ఫోనులలో ఒత్తులు, గుణింతాలు చెదిరి కనిపిస్తాయి.

మధ్యాహ్న భోజనానంతరం వెనుక గదిలో రెండు కంప్యూటర్లు సిద్ధంగా ఉంటాయి. ప్రతి శాఖ నుండి ఒకరు తమ ఫోనుతో, కేబులుతో రావాలి. వీలైతే శాఖలో అందరికంటె పాత ఫోను ఉన్న సభ్యుని కూడా వెంటబెట్టుకు రండి. తయారుచేసిన ఫైలును మొదట అతని ఫోనులోనే ఆడించి చూద్దాం.